కరెంటు గీతలు

మా వైపు రేడియేషన్ అని ఎవరూ అనరు. కరెంటు పెట్టించుకోవడం అంటారు. నాకు రొమ్ముకు ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. సెలవు రోజు తప్ప రోజూ వెళ్లాలి. మిషన్ ఎక్కడ పెట్టాలో గుర్తుగా ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీస్తారు. అవి చెరిగితే కొలతలు మళ్లీ మొదటికొస్తాయి గనుక అక్కడ సబ్బు తగలనివ్వకూడదు. నా గీతలు రవిక మెడ దాటి గొంతు పక్కదాకా వచ్చాయి. కొంగు కప్పుకొమ్మని ఇంట్లో అందరూ పోరారు. నేనెందుకు కప్పుకోవాలి? దొంగతనం చేశానా?

కరెంటు పెట్టించుకున్నదాన్ని ముట్టుకుంటే షాక్ కొడుతుందని మా వీధిలో ఒక పుకారు. పిల్లల్ని నా దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఒకనాడు నేనే పక్కింటావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడకు షాక్ కొట్టలేదు, అరుపు మాత్రం వచ్చింది. ఆ తర్వాత పుకారు కొంచెం తగ్గింది.

నా పేరు రుక్మిణి. జనగామలో పంతులమ్మను. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన ఆ ఏడాది, ఒక్క చక్రం కూడా కదలొద్దని మైకు పట్టుకుని అరిచినవాళ్లలో నా గొంతే పెద్దది. బండ్లు ఆపడానికి రోడ్డు మీద వంటావార్పు పెడితే, ఒకసారి వెలిగించిన పొయ్యిని తినేవాళ్ల బంతి లేచేదాకా కదపొద్దన్న నియమం కూడా నాదే. అంతకుముందు పోలీసులు వచ్చి గద్దిస్తే మావాళ్లు ఉడుకుతున్న అన్నం గంజును ఎత్తుకుని పరుగు తీశారు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నియమం పెట్టినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను.

బస్సులు ఆగాయి, రైళ్లు ఆగాయి. రోగం మాత్రం సమ్మెలో చేరలేదు. కరెంటు మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ తలెత్తుతుందని, అప్పుడు తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని ముగ్గురం కలిసి ఒక జీపు మాట్లాడుకున్నాం. జీపు నడిపేది దస్రు. కురవి దగ్గరి తండాలో తల్లి ద్వాళిని ఎక్కించుకుని, మానుకోట, తొర్రూరు మీదుగా జనగామ వచ్చి నన్నూ పోశయ్యనూ ఎక్కించుకునేవాడు. పోశయ్యది భూపాలపల్లి, బొగ్గుబాయి కార్మికుడు. దవడకు కాన్సర్. కరెంటు అయ్యేదాకా జనగామలో బిడ్డ ఇంట్లో ఉంటున్నాడు. ద్వాళికి గర్భసంచి మూతి దగ్గర. మా ముగ్గురిలో ఆమెకే బాగా ముదిరింది. ఒక్క రోజు కూడా తప్పడానికి లేదని డాక్టరమ్మ ఆమెకు వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ రోజు పెంబర్తి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు కనబడ్డాయి. మావాళ్లే. గంజుల్లో అప్పుడే బియ్యం పడ్డాయి. జీపుకు చెయ్యి అడ్డం పెట్టింది గట్టయ్య సారు. మా బళ్లోనే పనిచేస్తాడు, సమ్మె కమిటీకి కన్వీనరు.

"నమస్తే మేడం. మీరు దిగుండ్రి. బండి మీద ఎవరినన్న ఇచ్చి పంపిస్త," అన్నాడు.

"మరి వీళ్లో?"

"అంబులెన్స్ అయితే ఇడుస్తం. జీపంటే ఎట్ల మేడం? నిన్న ఒకడు తలకు కట్టు కట్టుకొని దవాఖానకని చెప్పి పోయిండు. ఎనుకసీట్ల చూస్తే పెండ్లిపిల్ల ఉన్నది."

అది నిజమే. అట్లాంటి దొంగవేషాలు రోజూ చూస్తున్నాం. అయినా జీపు దిగాను గాని పక్కకు జరగలేదు.

"నేనొక్కదాన్నే పోను. ఈ జీపు పోవాలె," అన్నాను.

"పొయ్యి ఎలిగినంక కదపొద్దని చెప్పింది మీరే గద."

"పోలీసోడు చెప్తే కదపొద్దన్న. రోగమున్నోళ్లు అడిగితే గూడ కదపొద్దన్ననా?"

జనం మూగారు. వెనకనుంచి ఎవడో, "రోగమున్నదని ఎట్ల నమ్మాలె? గుర్తేంది?" అన్నాడు. దానితో నాకు తిక్క రేగింది. మెడ పైకెత్తి గీతలు చూపించాను.

"గిది గుర్తు! మన దగ్గర మిషన్ లేక పట్నం పోయి గీయించుకున్న. మీరు కొలువుల కోసం రాష్ట్రం అడుగుతున్నరేమో. నేను గా మిషన్ మానుకోటకు రావాలె, భూపాలపల్లికి రావాలె అని అడుగుతున్న."

పోశయ్య నోరంతా పుండు, మాట్లాడలేడు. కిటికీలోంచి మొహం బయటపెట్టి, దవడ మీది గీతను వేలితో తట్టి చూపించాడు.

గట్టయ్య మెత్తబడ్డాడు. జీపులోకి వంగి చూశాడు. వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని ద్వాళి కూర్చుంది. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు. మొహం మీద గాని మెడ మీద గాని ఒక్క గీత కూడా లేదు.

"మరి గీమెకేది?"

దస్రు తల దించుకున్నాడు. తల్లి గీతలు ఎక్కడున్నాయో కొడుకు ఏ నోటితో చెబుతాడు? నేను చెప్పబోయేంతలో గట్టయ్యే మళ్లీ అందుకున్నాడు. "గుర్తు లేకపోతే దిగాలె. ఒకలకు ఇడిస్తే అందరు గట్లనే చెప్తరు."

ద్వాళి దిగింది. నిలబడడమే ఆమెకు కష్టం. జీపు తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత తలుపు వదిలేసి గట్టయ్య ఎదురుగా వచ్చి నిలబడి, గాగ్రా నాడా మీద రెండు చేతులూ వేసింది.

"బొడ్డు కింద గీసిండ్రు సారూ," అంది. తెలుగు ఆమె ఇంటి భాష కాదు. ఒక్కో మాటా ఏరి చెప్పింది. "చూస్తవా?"

ఆమె వేళ్లు నాడా దగ్గర మెలిపెడుతూనే ఉన్నాయి. గట్టయ్య మొహం నల్లబడిపోయింది. "వద్దమ్మా, వద్దు," అంటూ వెనక్కి జరిగి తల తిప్పుకున్నాడు.

పొయ్యి దగ్గర గంటె పట్టుకుని కూర్చున్న సత్తెమ్మ లేచింది. బీడీలు చుట్టే మనిషి. మా వంటావార్పులన్నిటికీ వంట ఆమెదే.

"థూ! నీ గుర్తు మీద మన్నువడ! ఆడిదాని రోగానికి గుర్తు చూపియ్యమంటవా? నీ అవ్వనైతే గిట్లనే అడుగుతవా?" అని, కొంగు చేతులకు చుట్టుకుని ఉడుకుతున్న గంజు అంచు పట్టుకుంది.

"సగమే ఉడికింది సత్తెక్కా," అన్నారెవరో.

"సగం ఉడికిందే తింటం. దించుండ్రే!"

ఆడవాళ్లందరూ లేచారు. నేనూ ఒక అంచు పట్టుకున్నాను. బరువెత్తొద్దని డాక్టరమ్మ చెప్పిన చెయ్యి అది. ఎత్తాను. నేను పెట్టిన నియమాన్ని నా చేతులతోనే రోడ్డు పక్కకు దించాను. నా జన్మలో ఏ పనీ అంత ఇష్టంగా చేయలేదు. మగవాళ్లు కాలుతున్న రాళ్లను కర్రలతో పక్కకు నెట్టారు. అందులో గట్టయ్య కూడా ఉన్నాడు.

జీపు కదిలే ముందు అతను కిటికీ దగ్గరికి వచ్చి, "తప్పయింది అవ్వా," అన్నాడు. ద్వాళి అటు చూడలేదు.

"రేపు గూడ గీ తొవ్వనే వస్తం. పొయ్యిలు జర సగం రోడ్డుకే పెట్టుండ్రి," అన్నాను నేను.

దవాఖానకు చేరేసరికి ద్వాళి పేరు పిలుస్తున్నారు. మిషన్ కిందికి పోయే ముందు గీతలు సరిచూస్తారు. నాడా విప్పమంది సిస్టరు. ద్వాళి చేతికి ముడి ఊడి రావడం లేదు. నేను వెళ్లి కూర్చుని చూశాను. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. నా గోరు విరిగింది గాని ముడి ఊడలేదు.

"ఏంది ద్వాళమ్మా గిది? అక్కడ విప్పుతున్నవనుకున్న గద!"

ద్వాళి నవ్వింది. ఇన్నాళ్లలో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

"విప్పుడా? ముడేసిన పంతులమ్మా. గట్టిగ. అడిగినోడు సిగ్గుతోని సావాలె. నేనెందుకు విప్పుత?"

సిస్టరు కత్తెర తెచ్చి నాడా కోసింది. ద్వాళి గాగ్రాను పిడికిట్లో పట్టుకుని మిషన్ గదిలోకి నడిచింది.