ఏడవనీయొద్దు

"ఏడవనీయొద్దు," అంది డాక్టరమ్మ.

చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుంది. బల్ల మీద దేవక్క పసిబిడ్డ హులిగి పిండిముద్దలా మెత్తగా పడి ఉంది. నాలుక కొంచెం బయటికి వచ్చింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"గుండెలో రంధ్రం ఉంది. ఏడిస్తే ఇలా నీలం తిరుగుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఈ చుక్కలు రోజూ వెయ్యండి. అంతకు మించి ఇక్కడ మేం చేయగలిగింది లేదు."

"మద్రాసుకు తీస్కపోతే?" అన్నాడు కాశప్ప.

"ఇంత పసిబిడ్డ గుండె కోసేవాళ్లు అక్కడా లేరు."

దేవక్క కదల్లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆమె వచ్చింది ఇంకో మాట కోసం కూడా.

"ఈ కండ్లు, ఈ మొగం... ఇట్ల ఎందుకుండాయమ్మా? ఆయప్పకు ఇనపడేట్ల సెప్పండి."

పోయిన పత్తికాలంలో దేవక్క ఆదోనిలో పుట్టింట్లో ఉండి జిన్నింగు మిల్లుకు పోయింది. ఆ మిల్లు గేటు దగ్గర ఒక గూర్ఖా కాపలా ఉండేవాడు. బిడ్డ పుట్టాక చూడ్డానికొచ్చిన పక్కింటి మారెమ్మ, ఏటవాలుగా ఉన్న ఆ కళ్లు చూసి కిసుక్కున నవ్వింది. "ఏం దేవక్కా, గూర్ఖా బాగుండాడా?" మాట వీధి చివరిదాకా పోయింది. ఆ రోజు నుంచి కాశప్ప బిడ్డను ముట్టుకోలేదు.

డాక్టరమ్మ కాశప్ప వైపు తిరిగింది. "ఇది జబ్బు పోలిక. పుట్టుకతో వస్తుంది. ఏ దేశంలో పుట్టినా ఈ బిడ్డలు అక్కచెల్లెళ్లలా ఉంటారు. ఇందులో తల్లి తప్పేం లేదు."

కాశప్ప నేల చూశాడు. బస్సెక్కే ముందు చేతులు చాపాడు.

"ఇట్లియ్యి."

గుమ్మంలోనే అత్త బసమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నాది డాక్టరమ్మ?"

"ఏడ్సనీయొద్దంట అత్తా. ఏడిస్తే పానం పోతాదంట."

"అంతే గదా? నా పానం అడ్డమేసి సూసుకుంటా పో."

ఇల్లు మారిపోయింది. బిడ్డ ఉలిక్కిపడకుండా దేవక్క గాజులు తీసి చిలక్కొయ్యకు తగిలించింది. కాశప్ప బస్టాండులో మూటలు మోసి వచ్చి, ఒళ్లు కడుక్కుని, బిడ్డను భుజాన వేసుకుని వీధిలో తిప్పేవాడు. మారెమ్మ మళ్లీ గూర్ఖా మాటెత్తితే, "కాలి మెట్టు తెగుతాది సూడు," అన్నాడు. ఆమె లోపలికి పోయింది. కానీ బస్టాండులో ఎవరైనా బిడ్డ ఎవరి పోలికప్పా అని అడిగితే మాత్రం, "జబ్బు పోలికంట," అనేవాడు. నా పోలిక అన్న మాట వచ్చేది కాదు. ఆ సంగతి దేవక్కకు తెలుసు.

పత్తి పగిలింది. నందవరం దారిలో నల్లరేగడి చేలన్నీ తెల్లబడ్డాయి. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. దేవక్క బిడ్డను అత్త ఒళ్లో పెట్టి చేనికి పోయింది.

సాయంత్రం బసమ్మ గుమ్మంలోనే చెప్పింది. "ఒక్కతూరి గూడా ఏడ్సలేదు పిల్ల!"

మర్నాడూ అదే మాట. దేవక్క పొంగిపోయింది. అత్త గయ్యాళి అని ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు మనసులో చెంపలేసుకుంది. కానీ రానురాను బిడ్డ సాయంత్రం కూడా మత్తుగా ఉండేది. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసేది. గుండె జబ్బు కదా, అలసట అనుకుంది.

ఒకనాడు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంటే, మధ్యాహ్నమే చేను వదిలి ఇంటికొచ్చింది.

"మెల్లగా నడువు," అంది బసమ్మ, వేలు నోటిమీద పెట్టుకుని. "పండుకోనుండాది."

దేవక్క వంగి చూసింది. బిడ్డ ఛాతీ లేచింది, పడింది. తర్వాత చాలాసేపు లేవలేదు. మళ్లీ లేచింది. ఆమె రెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొన అంత ఉంది. మిల్లులో ఆడవాళ్లు మత్తుపెట్టి పడుకోబెట్టే బిడ్డల కళ్లు అవి.

"అత్తా, ఏం పెట్టినావు?"

"ఏం పెడ్తా? ఆవగింజంత నల్లమందు, తేనెలో అరగదీసి. ఈ పొద్దు మూలుగుతాంటే ఇంగోతూరి పెట్టినా." బసమ్మ ముఖంలో దాపరికం లేదు, పైగా కొంచెం గర్వం ఉంది. "నీ మొగుణ్ణి ఇట్నే సాకినా. సేనికి పోయే ఆడోళ్లంతా ఇట్నే సాకినారు. నువ్వే గదా ఏడ్సనీయొద్దంటివి?"

దేవక్క బిడ్డను ఎత్తుకుని పరిగెత్తింది.

బస్టాండులో కాశప్ప మూట కింద పడేసి ఎదురొచ్చాడు. ఆదోని బస్సు కదులుతోంది. కండక్టరు శేషప్ప తెలిసినవాడు, ఆపాడు. ఆయాసపడుతూ వెనకే వచ్చిన బసమ్మ కూడా ఎక్కింది.

నల్లమందు ఎక్కువైన బిడ్డను నిద్రపోనిస్తే ఇక లేవదు. మిల్లు ఆడవాళ్లు అరికాళ్ల మీద కొట్టి, గిల్లి, ఏడిపించేవాళ్లు. ఏడిస్తేనే ఊపిరి. కానీ హులిగి ఏడిస్తే గుండె ఆగుతుంది. ఏడవకపోతే ఊపిరి ఆగుతుంది. రెండింట్లో ఏదో ఒకటి ఇప్పుడే తేల్చుకోవాలి.

దేవక్క అరికాలి మీద ఫట్‌మని కొట్టింది.

"ఏడువు తల్లీ. ఏడువు."

"ఏడిపీయొద్దే!" బసమ్మ చెయ్యి పట్టుకుంది. దేవక్క విదిలించి మళ్లీ కొట్టింది. తొడ గిల్లింది.

ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగాడు. "పండుకున్న బిడ్డను కొడ్తాండావే, తల్లివా నువ్వు? రాచ్చసివా?"

"నీ పని సూస్కో తాతా," అన్నాడు కాశప్ప.

కోటేకల్ దాటాక హులిగి ఏడ్చింది. పిల్లికూన అరిచినట్టు సన్నగా, ఒక్కసారి. దేవక్క ముఖం వెలిగింది. ఆ వెంటనే బిడ్డ పెదవులు నల్లబడ్డాయి. మళ్లీ కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సూది వేసింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, గుండె మీద వేళ్లతో నొక్కింది. చాలాసేపటికి నడుము నిటారు చేసింది.

"ఏం పెట్టారు?"

"నల్లమందు," అంది దేవక్క.

"ఎవరు పెట్టమన్నారు మీకు?"

బసమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. చూపుడువేలు ఎత్తింది. గోటి సందులో నల్లటి మరక ఇంకా ఉంది.

"మీరే తల్లీ. ఏడ్సనీయొద్దంటిరంట గదా."

డాక్టరమ్మ తిరిగి వెళ్లి, చేతులు కడుక్కుంది.

శవాన్ని బస్సులో ఎక్కించుకోరు. బస్టాండులో పనిచేసే కాశప్పకు ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. బండి కట్టించుకునే స్తోమత లేదు. బిడ్డను గుడ్డలో చుట్టి, నెత్తికి కుళ్లాయి పెట్టి, దేవక్క భుజాన వేశాడు. చెవిలో చెప్పాడు.

"ఏడవొద్దు. ఏడిస్తే దింపేస్తారు. అమ్మా, నువ్వు గూడా."

అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఉంది. శేషప్ప అడిగాడు. "ఎట్లుందప్పా బిడ్డకు?"

"నిద్రపోతాందన్నా."

దేవక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బసమ్మ వెనక సీట్లో మోకాళ్ల మీద తల పెట్టుకుంది. దేవక్క పక్కన కూర్చున్న దేవనకొండ ఊరామె వక్కాకు నములుతూ, గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా బిడ్డవైపు చూసింది.

"ఎంత బంగారు బిడ్డమ్మా! ఇంత కుదుపులో గూడా కుయ్యిమనలేదు. మా ఇంట్లో ఒగుడుండాడు, ఊరు లేపుతాడు." కుళ్లాయి కొంచెం పైకి జరిపి, మూసిన ఆ ఏటవాలు కళ్లను చూసింది. "ఎవరి పోలిక?"

"నా పోలికే అక్కా," అన్నాడు కాశప్ప.

దేవక్క అతని ముఖం చూడలేదు. బిడ్డను అతని వైపున్న భుజం మీంచి తీసి, రెండో భుజం మీద వేసుకుంది.