బరువు

తలుపులు బిగించే మేస్త్రీ పొద్దున్నే లేచి, టీ కాచి, భార్య చేత నాలుగు గుక్కలు తాగించి పనికి పోయేవాడు. పసిబిడ్డ జ్వరంతో పోయిన దగ్గర్నుంచి ఆమె మంచం దిగలేదు. తిండి చూస్తే పిచ్చుక తిండి, ఒళ్ళు మాత్రం రోజురోజుకీ బరువెక్కుతోంది. మంచం కోళ్ళు గచ్చులోకి దిగిపోయాయి.

"మా మేనత్తా ఇలాగే బరువెక్కింది," అనేది కింది వాటాలో ఉండే కుట్టుపనామె. "వాళ్ళది నేల మీద ఇల్లు కాబట్టి సరిపోయింది. మీది మేడాయె."

ఓ ఉదయం ఆమే పరుగున పైకొచ్చింది. తన గది కప్పు నెర్రెలిచ్చి, కుట్టుమిషను మీద పెచ్చులు రాలుతున్నాయట. పిల్లల్ని బయటికి పంపేసింది. వీధిలో మగాళ్ళంతా వచ్చి మంచానికి చేతులు వేశారు. వాళ్ళ నడుములు పట్టేశాయి గానీ మంచం కదల్లేదు.

మేస్త్రీ కొట్టుకి పోయి మందపాటి తలుపులు మోసుకొచ్చాడు. మంచం కింద గోడ నుంచి గోడకి వాటిని పరిస్తే బరువు గోడల మీదకి పోతుంది. పరవాలంటే ముందు మంచం లేవాలి. సంచీలోంచి చీలలు తీశాడు. ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా చెక్కిన ముక్కలవి. ఎంతటి తలుపునైనా వాటితోనే లేపుతాడు. మంచం పట్టె కింద ఇటుకలు పేర్చి, ఆ సందులో ఎదురెదురుగా రెండు చీలలు దూర్చి, అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేశాడు. పట్టె వెంట్రుకవాసి లేచింది.

"అక్కా, సందు పడగానే ఇటుకల మీదకి చెక్క తోసెయ్. లేచింది మళ్ళీ దిగకూడదు," అన్నాడు కుట్టుపనామెతో.

అక్క తోసింది. ఒక మూల అయ్యాక ఇంకో మూల. గచ్చు మూలుగుతూనే ఉంది.

"ఎందుకండీ ఈ తిప్పలు," అంది భార్య గోడకేసి చూస్తూ. "కిందకి పోనివ్వండి నన్ను."

"పోనిస్తే ఒక్క అంతస్తుతో ఆగుతావా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు, మళ్ళీ సుత్తి ఎత్తాడు.

చివరి మూల దగ్గర చీల నిలువునా పగిలింది. పట్టె కిందకి జారింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇటుకకీ పట్టెకీ మధ్య వేళ్ళు ఇరుక్కుపోయాయి.

"తియ్యరా చెయ్యి," అంది అక్క.

"రావట్లేదక్కా."

భార్య తల తిప్పి చూసింది. అతను పెదవి కొరుక్కుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అవతలి పట్టె అందుకుని, పళ్ళబిగువున తనని తాను అటు లాక్కోసాగింది. బిడ్డ పోయాక ఆమె తనంతట తాను కదలడం అదే మొదలు. ఈ మూల కాస్త లేచింది. అతను చెయ్యి లాక్కున్నాడు, అక్క చెక్క తోసింది. ఇద్దరూ కలిసి మంచం కోళ్ళ కిందకి తలుపులు జరిపి, ఇటుకలు లాగేశారు.

"పెచ్చులు రాలడం ఆగింది," అని కింద నుంచి వీధివాళ్ళ కేక వినిపించింది.

భార్య లేచి కూర్చుంది. పాదాలు తలుపు మీద మోపింది. అది వంగింది, కిర్రుమంది, విరగలేదు. అతని చెయ్యి ఒళ్ళోకి తీసుకుని వాచిన వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. తర్వాత గుమ్మం ఎంత దూరముందో చూసింది.

"ఇంకో తలుపు పరవండి," అంది.