సంతకానికి ఎవరూ ఇవ్వని కలం

నేను ఒక కలాన్ని. రాజమండ్రిలో చేత్తో తిప్పే లేతు మీద పుట్టిన ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు కలాన్ని. నా ఒళ్లు నిగనిగలాడుతూ ఉంటుంది. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు గాని, చెప్పేవాళ్లు లేనప్పుడు ఏం చేస్తాం? విశ్వపతి గారు ప్లీడరుగా ఉన్న రోజుల్లో నన్ను కొన్నారు. ఆయన జిల్లా జడ్జి అయ్యాక నాకూ కాస్త గర్వం పెరిగింది.

ఉత్తరాంధ్రలో ఆయన పనిచేసే కోర్టుకు ఒక హత్య కేసు వచ్చింది. గేదెల అప్పన్న అనే రైతు తన పక్కచేను అన్నదమ్ములిద్దరినీ కళ్లంలో నిద్రపోతుండగా నరికి చంపాడు. చేసింది అతనే, అందులో ఎవరికీ సందేహం లేదు.

శిక్ష చెప్పే రోజున, శిక్ష ఏమిటన్న ఆ ఒక్క మాటకు మాత్రం ఖాళీ వదిలి తీర్పు టైపు చేశారు. విశ్వపతి గారు ఆ ఖాళీలో నాతో మరణశిక్ష అని రాశారు. మన కోర్టుల్లో ఒక ఆచారం ఉంది. ప్రాణం తీయమని రాసిన కలం మరేమీ రాయకూడదని జడ్జిగారు దాని పాళీ విరిచేస్తారు. ఆయనకు ఆచారం తెలుసు గాని, వరుస తెలియదు. అదే మొదటిసారి మరి. రాయగానే నన్ను బల్లకేసి నొక్కి పాళీ విరిచేశారు. చేతులు కడుక్కోవడానికి మనుషులకు ఎంత సులువైన ఉపాయాలున్నాయో అనిపించి, అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

బెంచి క్లర్కు దాలినాయుడు వంగి, ఇంకా సంతకం కాలేదని చెవిలో చెప్పాడు. సంతకం పడనిదే అది తీర్పు కాదు.

జడ్జిగారు కలం కోసం చెయ్యి చాచారు. దాలినాయుడు జేబు మూసుకుని, తన కలంలో సిరా లేదన్నాడు. పొద్దుటే నేనూ ఆ కలమూ ఒకే సీసాలో కడుపునిండా తాగాం! ఉరే వేయాలని అంతసేపు గొంతు చించుకున్న సర్కారు వకీలు సూర్యప్రకాశం గారు తన కలాన్ని కోటు లోపలికి తోసేసుకున్నారు.

"మన్నించాలండి. దీంతో మా అమ్మాయి లగ్నపత్రిక రాయాలి" అన్నారు.

వెనక బెంచీల్లోని ప్లీడర్లంతా ఉన్నట్టుండి కాగితాలు చదవడంలో మునిగిపోయారు. చనిపోయిన అన్నదమ్ముల్లో పెద్దవాడి భార్య పైడమ్మ మాత్రం లేచి నిలబడింది.

"నాకు రాత రాదు బాబూ. వస్తే నానే రాసీదాన్ని" అంది.

ఆమె కోపం న్యాయమైనదే, నేను కాదనను. విశ్వపతి గారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చివరికి, "ఆవిడ కోపం ఆవిడది. ప్రభుత్వం పేరుతో చంపేది మాత్రం మనమందరం. విడివిడిగా ఒక్కరికీ చేతులు రాని పని, అందరం కలిస్తే హక్కు ఎలా అవుతుంది?" అన్నారు. మనిషి స్వేచ్ఛను తీసుకుంటే, పొరపాటని తేలిన రోజున మిగిలినదైనా తిరిగి ఇవ్వవచ్చని, ప్రాణం తీసుకుంటే ఎవరి చేతికి ఇవ్వాలని కూడా అడిగారు. ఉరి బదులు యావజ్జీవం రాస్తానన్నారు.

అంతే, నాలుగు వైపుల నుంచీ కలాలు ముందుకొచ్చాయి. దాలినాయుడి కలంలో సిరా కూడా ఊరింది. ఆయన ఎవరిదీ తీసుకోలేదు. విరిగిన పాళీతోనే మరణశిక్ష కొట్టేసి, యావజ్జీవం అని గీకి గీకి రాసి సంతకం చేశారు. నా జన్మలో అంత వికారంగా ఎప్పుడూ రాయలేదు, అంత తృప్తిగానూ రాయలేదు.

ఇప్పుడు ఆయన రిటైరయ్యారు. నేను కొత్త పాళీతో ఆయన బల్ల మీద హాయిగా ఉన్నాను. నిరుడు పైడమ్మ వచ్చింది. గుమ్మం దాటలేదు. అప్పన్న ఇంకా జైల్లో బతికే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడన్నారు.

"కోర్టులో ఆడు నోరిప్పనేదు బాబూ. ఎందుకు సంపీసినాడో ఆడి నోటితోటే ఇనాల. ఇన్నాక సమిస్తానా అంటే, సమించను. అయినా ఇనాల."

జైలు అధికారికి అర్జీ రాయడానికి విశ్వపతి గారు నా మూత తీశారు. ఏం పని మీద కలవాలని రాయమంటావమ్మా అని అడిగారు.

పైడమ్మ గుమ్మం బయటి నుంచే చెప్పింది. "ఓ మాట అడగాలని రాయండి బాబూ. ఆడు బతికుండగానే అడగాలని రాయండి."

నేను అలాగే రాశాను.