కరొలీనా నుంచి వచ్చిన బియ్యం

బోస్టన్ రేవు మూతపడి రెండు నెలలు దాటింది. పన్ను మీద కోపంతో కొందరు టీ పెట్టెలు సముద్రంలో పారబోసినందుకు లండన్ పార్లమెంటు ఊరందరికీ కలిపి వేసిన శిక్ష అది. రాజుగారి యుద్ధనౌకలు తప్ప రేవులో మరో ఓడ లేదు. తెరచాపలు కుట్టి బతికే జాబెజ్ సూదులకు తుప్పు పడుతోంది. అతని భార్య హిట్టీ మొక్కజొన్న జావలో పూటపూటకీ మరిన్ని నీళ్ళు పోస్తోంది.

ఆమె మామగారు ఒబదయా ఇంగ్లండు గడ్డమీద ఎన్నడూ కాలు పెట్టలేదు. ఆయన తాత కూడా బోస్టన్‌లోనే పుట్టాడు. అయినా ముసలాయన ఆ దేశాన్ని ‘ఇల్లు’ అనేవాడు. మనం ఇంగ్లీషువాళ్ళం, రాజుగారికి అసలు సంగతి తెలిస్తే రేపే రేవు తెరిపిస్తారు అని కొడుకుతో వాదించేవాడు. భోజనానికి ముందు ప్రార్థనలో రాజుగారి పేరు ఒక్కపూటా మరిచిపోయేవాడు కాదు.

హిట్టీకి ఇంత గొడవ లేదు. ఆమెకు దేశమంటే తమ ఊరున్న మసాచుసెట్స్ వలస ఒక్కటే. పక్కనున్న కనెక్టికట్ వాళ్ళు ఉల్లిపాయల్లో మట్టిబెడ్డలు కలిపి అమ్ముతారని, వర్జీనియా వాళ్ళకు గుర్రప్పందేలు తప్ప మరో పని ఉండదని చిన్నప్పటినుంచి వింటూ పెరిగింది. కరొలీనా గురించైతే వినడానికి కూడా ఏమీ లేదు. అంత దూరం అది.

అందుకే ఆ ఉదయం ఊరి ముఖద్వారంలా ఉండే సన్నటి నేలదారి మీద దుమ్ము లేస్తే, రాజుగారి సైనికులు ఇంకా వస్తున్నారేమో అనుకుంది. దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. ఒకటీ అరా కాదు, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా గొర్రెలే. వాటి వెనక కనెక్టికట్ రైతులు, మోకాళ్ళదాకా దుమ్ము కొట్టుకుపోయి నడిచి వస్తున్నారు. ఎవరికమ్మడానికి తెచ్చారని హిట్టీ ఒకతన్ని అడిగింది.

“అమ్మకానికి కాదమ్మా. పని పోయినవాళ్ళకి పంచమని తెచ్చాం.”

“మీకు మేమేమవుతామని?”

అతను నుదురు తుడుచుకున్నాడు. “అదే దారంతా మాట్లాడుకుంటూ వచ్చాం. ఇవాళ మీ రేవు మూశారు, రేపు మాది మూస్తారు. ఏమవుతామో తెలీదు గానీ, ఏదో అవుతాం.”

హిట్టీ అతనికి దారి వదిలి పక్కకు జరిగింది. ఉల్లిపాయల సంగతి గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

ఆ తర్వాత బళ్ళు ఆగలేదు. ఒకచోటినుంచి గోధుమలు, ఇంకోచోటినుంచి ఎండుచేపలు. సముద్రం మీద వచ్చిన సరుకును ఉత్తరాన మార్బుల్‌హెడ్ రేవులో దింపి, అక్కణ్ణించి బళ్ళమీద చుట్టుతిప్పి తేవలసి వచ్చేది. సెప్టెంబరులో అలా వచ్చినవే బియ్యం పీపాలు. ఒంట్లో బాగాలేనివాళ్ళకు పిడికెడు కాచి పోసే బియ్యం, పీపాలకు పీపాలు! పంపింది కరొలీనావాళ్ళని తెలిసి, వాళ్ళకి మనం ఉన్నామని కూడా తెలుసా అని పక్కింటావిడ ముక్కుమీద వేలేసుకుంది.

హిట్టీ తనకిచ్చిన బియ్యాన్ని తెలిసినట్టే వండింది. నిండా నీళ్ళు పోసి, గరిటె విరిగేలా కలిపి, చిక్కటి ముద్ద చేసింది. జాబెజ్ గరిటె ఎత్తి చూశాడు.

“బాగుంది. చిరిగిన తెరచాపలన్నీ అతికించేయొచ్చు.”

పెరటి గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. మార్బుల్‌హెడ్ నుంచి బళ్ళవెంట వచ్చిన నల్లజాతి మనిషి, నడివయసువాడు. పేరు క్వాష్. బియ్యం తెచ్చిన ఓడలో పనిచేస్తాడు, ఓడలాగే అతనూ కరొలీనాలోని చార్ల్స్‌టౌన్‌లో ఒక దొర ఆస్తి. దాహానికి నీళ్ళడగడానికి వచ్చాడు.

“తప్పుగా అనుకోకండమ్మగారూ. కలపకూడదు దాన్ని. కడిగి, వేలి కణుపు మేర నీళ్ళు పోసి, మూతపెట్టి వదిలెయ్యాలి. దాని పని అది చూసుకుంటుంది.”

అతను చెప్పినట్టే ఇంకో కుండ పెట్టారు. మూత తీసేసరికి అన్నం ఏ మెతుకుకా మెతుకు విడివిడిగా, తెల్లగా, మల్లెమొగ్గల రాశిలా ఉంది. ముసలాయన కుర్చీ ముందుకు జరుపుకుని కుండలోకి తొంగిచూశాడు. మనల్ని ఎరగని మనుషులు ఇంత దూరం పంపారా అని తనలో తనే అనుకున్నాడు.

హిట్టీ కళ్ళు చెమ్మగిల్లాయి. మీ కరొలీనావాళ్ళది ఎంత పెద్ద మనసని క్వాష్‌తో అంది.

“పంపినవాళ్ళది పెద్దమనసేనమ్మగారూ, కాదనను. పండించింది మాత్రం మా అమ్మలాంటివాళ్ళు. మోకాళ్ళలోతు నీళ్ళలో, పాముల మధ్య.”

“ఇక్కడికి పంపుతున్నారని ఆవిడకి తెలుసా?”

“ఆవిణ్ణి ఎవరడుగుతారు?” ఆ గొంతులో కోపం లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

“పేరేమిటి మీ అమ్మది?”

క్వాష్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ వేసినట్టు లేదు. “ఫిబ్బా” అన్నాడు. వాళ్ళు కూర్చోమన్నా బండి కదిలిపోతుందని కూర్చోలేదు. హిట్టీ గిన్నెలో పెట్టిచ్చిన అన్నం గుమ్మం దగ్గరే నిలబడి తిని వెళ్ళిపోయాడు.

బల్లచుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ఒబదయా చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టాడు. రోజూ రాజుగారి పేరు వచ్చేచోట ఆగిపోయాడు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది.

“మనవాళ్ళని చల్లగా చూడు తండ్రీ” అన్నాడు చివరికి. “కనెక్టికట్‌లో మనవాళ్ళని, వర్జీనియాలో మనవాళ్ళని, కరొలీనాలో మనవాళ్ళని.”

జాబెజ్ కళ్ళు తెరిచి తండ్రి వంక చూశాడు. ఆ ఇంట్లో అంతవరకు ‘మనవాళ్ళు’ అంటే సముద్రానికి అవతలివాళ్ళే. ఒక్క మాటలో తను చూడని అడవులూ నదులూ ఊళ్ళూ అన్నీ వచ్చి ఆ బల్లచుట్టూ కూర్చున్నట్టు హిట్టీకి అనిపించింది.

“ఫిబ్బాని కూడా” అంది.

“ఎవరామె?” ముసలాయన చెవులకు గుమ్మం దగ్గరి మాటలు అందలేదు.

“ఈ అన్నం పండించిన మనిషి, మామయ్యా.”

ముసలాయన తటపటాయించాడు. ‘మనవాళ్ళు’ అనే మాట అంత దూరం సాగుతుందో లేదో ఆయనకు తెలియదు. ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా కళ్ళు మూసుకున్నాడు. “ఫిబ్బాని కూడా” అన్నాడు నెమ్మదిగా.

అన్నం తిన్నారు. చాలా బాగుంది.

మర్నాటినుంచి ఒబదయా, చలి ముదిరేదాకా, పొద్దున్నే కర్ర పట్టుకుని ఊరి ముఖద్వారం దగ్గరికి వెళ్ళి ఒక బండరాతి మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. సైనికులు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు. వచ్చిన ప్రతి బండివాణ్ణీ ఆపి, ఏ ఊరునుంచి, అక్కడ నేల ఎలా ఉంటుంది, ఏం పండుతుంది అని అడిగేవాడు. విన్నదంతా రాత్రి కోడలికి చెప్పేవాడు. ఒకరోజు భోజనానికి కూడా రాలేదని హిట్టీ వెతుక్కుంటూ వెళ్ళింది. గోధుమబళ్ళు వరసగా నిలిచి ఉన్నాయి, వాటి చివర కనబడటం లేదు. ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

“వర్జీనియా అట అమ్మాయీ” అన్నాడు. “ఇంకా వస్తున్నాయి.”