బొమ్మ మసగ్గా వస్తోందన్నాడు

నేను ఒక ఇనప పెట్టెను. ఒక పక్కన అద్దం బిగించిన నల్లటి పెట్టెను. మీలో చాలామంది నన్ను సీపీయూ అంటారు. అది తప్పు. సీపీయూ అంటే నా లోపల కూర్చునే ఒక చదరపు బిళ్ల, అగ్గిపెట్టెంత ఉంటుంది. ఆ బిళ్లకీ, దాన్ని మోసే మదర్‌బోర్డుకీ, మెమరీ పట్టీలకీ, తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకీ నేను ఇల్లుని మాత్రమే. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఎందరు మారినా ఇల్లు అదే ఇల్లు కదా. నా సంగతీ అంతే. అద్దం ఉంది కాబట్టి ఎదురుగా జరిగేదంతా చూడగలను. చూసినదాన్ని చెప్పడానికి మాత్రం ఇప్పటిదాకా నోరు రాలేదు. ఆ బాధ కొంచెం దింపుకుందామనే ఈ కథ.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రేకు వంచారు, చిల్లులు పొడిచారు, రంగు కొట్టి థర్మకోలు మధ్య ఇరికించారు. మళ్లీ వెలుతురు చూసింది విజయనగరంలో, ఇస్మాయిల్ గారి దుకాణంలో. నన్ను కొన్న అమ్మాయి పేరు సుభాషిణి. ఆయన ఒక్కొక్క సామానూ నాలో బిగిస్తుంటే స్టూలు మీద కూర్చుని, పెళ్లికూతుర్ని చేస్తున్నట్టు కన్నార్పకుండా చూసింది. ఆమె పని ఫ్లెక్సీలు డిజైన్ చేయడం. పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ, ఊళ్లోకి వచ్చే నాయకులకీ పగలంతా పూలదండలు అతికించి, సాయంత్రం ఇంటికొచ్చి ఆటలాడుకునేది. ఫ్లెక్సీలకి ఇంత పెద్ద మిషను అక్కర్లేదని ఇస్మాయిల్ గారు చెప్పారు. ఆటలకే అని సుభాషిణి సిగ్గుపడకుండా జవాబిచ్చింది. అప్పుడే ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

వాళ్లది శృంగవరపుకోట. ఇంట్లో ఇద్దరే, ఆమే, తండ్రి గౌరినాయుడూ. తల్లి పోయి అప్పటికి నాలుగేళ్లు. గౌరినాయుడు ఆర్టీసీలో డ్రైవరు. ఇరవయ్యారేళ్లు కోట నుంచి అరకు దాకా ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాడు. షుగరు వల్ల కుడికాలికి రెండు వేళ్లు తీసేశారు. డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. కుర్చీ ఎక్కడికీ కదలదు కదా, నాకెందుకని ముందే రిటైరయ్యాడు. తీరా చూస్తే ఇంట్లోనూ కుర్చీయే దక్కింది. గుమ్మం పక్కన కూర్చుని, రోడ్డు మీద వెళ్లే బస్సుల హారన్ విని ఏ డ్రైవరో చెప్పేవాడు.

నన్ను చూసి మొదట ఆయనకి నచ్చలేదు. లోపల రంగు దీపాలు వెలుగుతుంటే పెళ్లి పందిరి ఇంట్లోకి వచ్చిందన్నాడు.  ఒక ఆదివారం సుభాషిణి బల్లకి స్టీరింగ్ చక్రం బిగించి, కింద మూడు పెడళ్లు పెట్టి, బస్సు నడిపే ఆట ఒకటి నాలో ఎక్కించి, తండ్రిని పిలిచింది. బొమ్మ బస్సు నడపడానికి నేను పిల్లాడినా అని గొణుగుతూనే వచ్చి కూర్చున్నాడు. కుడికాలు యాక్సిలరేటర్ మీద పెట్టాడు. వేళ్లులేని చోట రబ్బరు తగలగానే ఆగిపోయాడు.  తర్వాత మెల్లగా నొక్కాడు. తెరమీద బస్సు ముందుకు కదిలింది. ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో మరొకటో అద్దంలోంచి నాకు తెలియలేదు.

ఆ రోజు నుంచి రెండేళ్లు, టిఫిను తిని మందు వేసుకోగానే, ఆయన డ్యూటీ ఎక్కేవాడు. సుభాషిణి ఫ్లెక్సీల షాపుకి వెళ్లిపోయేది. నన్ను ఆన్ చేయడం, ఆట తెరవడం నేర్చుకున్నాడు. తెరమీద ఉన్నది ఎక్కడో చలిదేశపు ఊళ్లు. ఆయనకి ఆ పేర్లతో పని లేదు. బొడ్డవర, కాశీపట్నం, అనంతగిరి, సుంకరమెట్ట అని తన స్టేజీలన్నీ వరసగా కేకేసి బస్సు ఆపేవాడు. టైముకి కదలకపోతే ఆ ఆట మార్కులు కోసేది. సంతకెళ్లిన ముసలమ్మలు ఇంకా రాలేదని ఆయన ఆగేవాడు. మార్కులు పోయినందుకు ఒక్కనాడూ విచారించలేదు. మనుషులు ఆటలు గెలవడానికి ఆడతారని అంతవరకూ అనుకున్నాను. ఈయన ఉద్యోగానికి వచ్చేవాడు.

రెండో ఏడాది చివర్లో ఆయన కుర్చీ తెరకి దగ్గరగా జరిగింది. మొదట ఒక జానెడు. తర్వాత ఇంకో జానెడు. ఎన్నడూ తప్పని మలుపులో కిలోమీటరు రాయిని గుద్దాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు. చొక్కా అంచుతో తెర తుడిచాడు. ఒక సాయంత్రం కూతురితో, బొమ్మ మసగ్గా వస్తోంది, మిషను పాతబడిపోయిందేమో అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. నా కార్డు అంతకుముందు ఎలా గీసేదో ఆ రోజూ అలాగే గీస్తోంది. ఒక్క చుక్క కూడా చెదరలేదు. సుభాషిణి ఒక్క నిమిషం తెరకేసి చూసి ఉంటే తెలిసేది. పెళ్లిళ్ల పని ఎక్కువై ఆ నెలల్లో ఆమె నా ముందు ఆటకి కూర్చోవడమే మానేసింది. పైగా మనసులో అప్పటికే ఇంకో ఆలోచన ఉంది.

కొత్త బస్సు ఆట ఒకటి రాబోతోందని ఆ వారమే ప్రకటించారు. అందులో కొండదారులున్నాయి, వాన ఉంది, లోయలున్నాయి, బస్సులో మనుషుల మాటలున్నాయి. ప్రకటన వీడియోలో ఒక ఘాట్ రోడ్డు మలుపు చూసి సుభాషిణి, ఇది అచ్చం నాన్న రోడ్డే అనుకుంది. ఆ ఆట ఆడాలంటే కంప్యూటర్లో ఏమేం ఉండాలో కింద పెద్ద జాబితా రాశారు. అందులో ఒక్కటీ నాలో లేదు. తండ్రికి మసగ్గా కనిపిస్తోంది, కొత్త ఆటకి నా శక్తి చాలదు. రెండూ కలిసి ఆమెకి ఒకే జబ్బులా తోచాయి. జబ్బు నాదే అనుకుంది. ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని వీడియో కూడా చూపించలేదు. అసలైన బస్సు వస్తోందని మాత్రం చెప్పింది.

నన్ను బల్ల మీద పడుకోబెట్టి స్క్రూలు విప్పింది. పాత కార్డు ఎవరో అడుగుతున్నారని ఇస్మాయిల్ గారు ఫోన్ చేస్తే అదే రోజు ఇచ్చేసింది. కొత్త కార్డు దొరకలేదు. వారంలో వస్తుందన్నది రెండు నెలలకి వచ్చింది. వచ్చాక చూస్తే దానికి నా లోపల కరెంటు అందించే డబ్బా చాలదన్నారు. డబ్బా మార్చితే మదర్‌బోర్డు పాతదన్నారు. బోర్డు మార్చితే బిళ్ల కూడా మార్చాలన్నారు. ఈలోగా ఆట విడుదల ఆషాఢం నుంచి దసరాకీ, దసరా నుంచి కార్తీకానికీ జరిగింది. ఆట వచ్చేవరకూ తొందరేముందని సుభాషిణి కూడా పని నెమ్మదిగా చేసింది. సాయంత్రాలు ఫోన్లో ఆ ఆట గురించి లోకమంతా ఏమనుకుంటోందో చదివేది. నాకు గొప్పగానే ఉండేది. ఒక్కొక్క కొత్త సామానూ నాలోకి వస్తుంటే పట్టాభిషేకం జరుగుతున్నట్టు పొంగిపోయాను. ఆ పొగరుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ అయిదు నెలలూ గౌరినాయుడికి బస్సు లేదు. పొద్దున్నే అలవాటుగా వచ్చి బల్ల దగ్గర నిలబడేవాడు. చక్రం మీద దుమ్ము అరచేత్తో తుడిచి వెళ్లిపోయేవాడు. ఒక రోజు మాత్రం అడిగాడు.

"ఆ పాత బస్సే కాసేపు ఆడదేటమ్మా?"

"ఇంకొన్నాళ్లు ఆగు నాన్నా. కొత్తది చూశావంటే పాతదాని ముఖం కూడా చూడవు."

ఆయన మళ్లీ అడగలేదు. ఆ తర్వాత నేను చూసినవి చెబుతాను. టీ గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి తడిమి వెతికేవాడు. గడప దగ్గర ఆగి కాలితో చూసుకుని దాటేవాడు. కూతురు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచేవాడు కాదు. కాలినొప్పి అనేవాడు. ఆమె కాలికి తైలం రాసేది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయం ఆట వచ్చింది. సుభాషిణి తలంటుకుని, తండ్రికి ఇస్త్రీ చొక్కా ఇచ్చి కూర్చోబెట్టింది. నేను నా జీవితంలో అంత అందంగా ఎప్పుడూ గీయలేదు. కొండమీద ఎండ, తడిసిన తారు రోడ్డు మీద చెట్ల నీడలు, ముందు ఒక ఎర్ర లారీ, దాని వెనకపలక మీద తామరపువ్వు, కింద నంబరు. ఆకుల మధ్య నుంచి పడే వెలుగు కూడా వదల్లేదు.

ఆయన గేరు వేశాడు. నెమ్మదిగా పోనిచ్చాడు. ఆమె పక్కన నిలబడి ఆయన ముఖమే చూస్తోంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుందమ్మా. మంచు మరీ ఎక్కువ పట్టీసింది గాని."

సుభాషిణి నవ్వి తెరకేసి తిరిగింది. తెరనిండా ఎండ. ఆమె నవ్వు ఆగిపోయింది. ముందున్న లారీ నంబరు చదవమంది.

"ఏ లారీ?" అన్నాడు గౌరినాయుడు.

అంతలో బస్సు ఆ లారీని గుద్ది ఆగింది. ఆయన చేతులు చక్రం మీదే ఉన్నాయి. ఆమె వంగి నా స్విచ్చి ఆపేసింది.

ఆస్పత్రిలో ఏం జరిగిందో నేను చూడలేదు. విశాఖ నుంచి వచ్చాక ఇస్మాయిల్ గారితో ఫోన్లో చెబుతుంటే విన్నాను. షుగరు కంటి లోపలి నరాలను తినేసిందట. కుడికంటి చూపు ఇక రాదట. ఎడమకంటిలో మిగిలినది ఇంజెక్షన్లతో నిలబెడతామన్నారట. ఆరునెలల ముందు తీసుకొచ్చి ఉంటే లేజరుతో చాలావరకు ఆగేదని డాక్టరు అన్నాడట. కాలివేళ్లు తీసినప్పుడే ఏటా కళ్లు చూపించమని చీటీలో రాశారట. మొదటి ఏడాది చూపించింది. తర్వాత మరిచిపోయింది. ఆరునెలలన్న మాట ఆమె రెండుసార్లు చెప్పింది. 

మరో నాలుగు రోజులకి ఆమె నన్ను ఆన్ చేసి పాత ఆటలోకి వెళ్లింది. అందులో లెక్కల పేజీ ఒకటి ఉంటుంది, ఏ నెలలో ఎన్ని ట్రిప్పులు, ఎన్నిసార్లు గుద్దాడు అని. దాదాపు రెండేళ్లూ ఒకటి, సున్నా, రెండు, సున్నా. చివరి మూడు నెలల్లో తొమ్మిది. పద్నాలుగు. ముప్పయ్యొకటి. అదంతా నాలోనే ఉంది. నేనే రాసిపెట్టాను. అడిగితే చూపించడం తప్ప, పిలిచి చెప్పడం నాకు చేతకాదు. సుభాషిణి ఆ పేజీ చూసి, లేచి స్క్రూడ్రైవరు తెచ్చింది. సామాన్లన్నీ పీకి అమ్మేస్తానంది. చప్పుడు విని గౌరినాయుడు గోడ పట్టుకుని వచ్చాడు.

"దాని మీద కోపమేటమ్మా?"

"బొమ్మ మసగ్గా ఉందంటే మిషన్ని మార్చాను నాన్నా. నీ కళ్లలోకి ఒక్కసారి చూడలేదు."

ఆయన కుర్చీ తడిమి కూర్చున్నాడు.

"బొమ్మ బాగానే ఉందని నాకు తెలుసు తల్లీ. గోడమీద కేలండరూ అలాగే ఉండీది. నీ ముఖమూ అలాగే ఉండీది."

"మరి చెప్పలేదేం?"

"డిపోలో ఏటా కళ్ల పరీక్ష. దానికి ముందు రోజు నాకు అన్నం దిగీది కాదు. డాక్టరు ఒక్క గీత కొట్టీసాడంటే బండి దిగిపోవాలి కదా. నీకు చెప్తే ఇందులోంచి కూడా దింపీస్తావనుకున్నాను."

"నేనెందుకు దింపుతాను నాన్నా?"

"దింపాలమ్మా. కళ్లు లేనోడిని దింపీయాల. వెనక జనం ఉంటారు."

సుభాషిణి ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమిరాడు. ఎవరిది తప్పని ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. ఒక్కొక్కరూ తమదేనని అనుకుంటున్నారని మాత్రం నాకు తెలుసు. నా సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

ఆమె నన్ను అమ్మలేదు. చక్రాన్నీ పెడళ్లనీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టింది. షాపుకి వెళ్లడం మానేసి ఇంట్లోంచే పని చేస్తోంది. ఈ చుట్టుపక్కల ఇంత బలమైన మిషను లేదని ఇస్మాయిల్ గారు అంటారు. ఇంత బలంతో నేను ఇప్పుడు షష్టిపూర్తి ఫ్లెక్సీలు గీస్తున్నాను. గౌరినాయుడు పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఆమె ఒక్కొక్క పేరూ పైకి చదువుతుంది. ఎవరి పేరు ఎవరి తర్వాత రావాలో ఆయన చెబుతాడు. పెద్దవాళ్ల పేరు కింద పడితే ఊరుకోడు.

మొన్న పని మధ్యలో తెరమీద ఒక ప్రకటన వచ్చింది. ఆ బస్సు ఆటకి ఇంకా కొత్త రోడ్లు కలుపుతారట. వాటికోసం ఇంతకంటే పెద్ద కార్డు వేసుకోవాలట. సుభాషిణి అది పూర్తిగా చదివింది. ఏం చదువుతున్నావని ఆయన అడిగాడు. ఏమీ లేదని దాన్ని మూసేసింది. తర్వాత టైము చూసుకుని, లేచి చేతులు కడుక్కుని, కంట్లో వేసే చుక్కల మందు సీసా తీసుకొచ్చి ఆయన తల వెనక్కి వంచింది.