అమ్మ దవాఖానకు పొమ్మన్నది

పురానాపూల్ పక్క సందులో పాలమ్ముకుని బతికే మురళి ఇంట్లో ఫ్యాను లొల్లి మొదలై ఏడాది దాటింది. వాన పడుతున్నా సరే యశోద ఫ్యానును ఐదు మీద పెడుతుంది. మురళి దుప్పటి ముసుగులోంచి లేచి రెండుకు దించుతాడు. ఆమె మళ్ళీ లేచి పెంచుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో పైసల దగ్గర రాని తగాదా, పుట్టింటి దగ్గర రాని తగాదా వీళ్ళకు ఈ ఫ్యాను దగ్గర వచ్చింది.

"నీకేమన్న బీమారా, దయ్యం పట్టిందా?" అని మురళి విసుక్కుంటే, "నాకు ఎర్కయితే నీకు చెప్పనా?" అనేది యశోద.

నిజంగానే ఆమెకు తెలియదు. యాభైకి దగ్గరపడ్డ ఆడదాని ఒంట్లో ఏమవుతుందో ఆమెకు ఎవరు చెప్పారు గనుక? ముట్టు ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. ఉన్నట్టుండి గుండెల దగ్గర ఆవిరి లేచి మెడ మీదికి, చెంపల మీదికి, చెవుల దాకా పాకుతుంది. రవిక తడిసి ముద్దవుతుంది. ఆ చెమట ఆరకముందే చలి పుడుతుంది. ఎవరితో చెప్పుకోవాలి? తల్లి పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉన్న మరో ఆడమనిషి అత్త రుక్మిణమ్మ. రుక్మిణమ్మ మంచిదే, నోరే మంచిది కాదు. ఆ ఇంట్లో బర్రెల ఒంటి సంగతులు ఎంతసేపైనా మాట్లాడుకుంటారు గాని మనుషుల ఒంటి సంగతులు మాట్లాడే అలవాటు లేదు.

ఇట్లా ఉండగా ఆషాఢం వచ్చింది. మొదటి ఆదివారం నాడు యశోద బోనమెత్తుకుని సందు చివర గుడికి పోయింది. లోపల ఇసకేస్తే రాలనంత జనం. సాంబ్రాణి పొగ, డప్పుల మోత. బోనం దించి అమ్మవారి ముందు పెట్టిందో లేదో, ఆ మాయదారి ఆవిరి లేచింది. ముఖం కుంకుమలా ఎర్రబడింది. గాలి ఆడక యశోద కొప్పు విప్పేసింది, కొంగుతో విసురుకుంది, కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊగింది.

పక్కింటి లలితమ్మ చూసింది. లలితమ్మకు చీమ కనిపిస్తే ఏనుగని చెప్పడం పుట్టుకతో వచ్చిన విద్య.

"అమ్మ పూనింది! యశోద మీదికి అమ్మ వచ్చింది!"

ఇంకేముంది, డప్పులు రెట్టింపయ్యాయి. రెండు పక్కల నుంచి వేపకొమ్మలతో విసరడం మొదలుపెట్టారు. ఎవరో బిందెడు పసుపు నీళ్ళు నెత్తిన గుమ్మరించారు. "కాదు, నాకేం పూనలే" అని చెప్పడానికే యశోద నోరు తెరిచింది. కానీ ఆ నీళ్ళు మెడ మీదుగా వీపు మీదికి జారుతుంటే, ఆ వేపగాలి చెవుల వెనక తగులుతుంటే, ఏడాదిగా ఏ ఫ్యానూ ఇవ్వని సుఖం ప్రాణానికి తగిలింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంకో బిందె!"

"అమ్మ ఇంకో బిందె అడుగుతున్నది!" అని గుడంతా హోరెత్తింది.

కళ్ళు తెరిచేసరికి రుక్మిణమ్మ ఆమె పాదాల మీద చేతులు పెట్టి దండం పెడుతోంది. యశోద పాదాలు వెనక్కి లాక్కుంది. ఇంటికి పోగానే నిజం చెప్పేయాలనుకుంది. కానీ ఇంటికి పోగానే రుక్మిణమ్మ తానే పొయ్యి వెలిగించి, తానే చాయ్ పెట్టి, రెండు చేతులతో గ్లాసు అందించింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్త చేతి చాయ్ యశోద తాగి ఎరగదు. ఆ చాయ్‌తో పాటు నిజం కూడా గొంతులోకి దిగిపోయింది.

శుక్రవారం సాయంత్రం దేవుడి గూటి ముందు దీపం ముట్టిస్తుండగా మళ్ళీ ఆవిరి లేచింది. యశోద గోడకు ఒరిగి కళ్ళు మూసుకుంది. వెనకాల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గడియ పెట్టిన చప్పుడు. తర్వాత అత్త గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా.

"తల్లీ, వచ్చినవా?"

యశోదకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"ఎవ్వరికి చెప్పని ముచ్చట నీకు చెప్తున్న తల్లీ. నా ముట్టు నిలిచి ఇరవై ఏండ్లు దాటింది. మూడు నెలల సంది మల్ల ఎర్రగ కనవడుతున్నది. నీ బోనం వండే చేతులాయె, మైల గలిసిందేమోనని భయమైతుంది. నామీద కోపమొచ్చిందా? నేనేం తప్పు చేసిన?"

యశోద నవ్వు ఎక్కడికక్కడ ఆరిపోయింది. ఆమె మేనత్త ఒకామె ఇట్లాగే దాచుకుంది. సిగ్గనుకుంది, పాపమనుకుంది, ముతక చీరలు కట్టుకుని ఎవరికీ కనపడకుండా చూసుకుంది. బయటపడే నాటికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ మేనత్త ముఖం కళ్ళ ముందు నిలిచి యశోద ఒంట్లో వేడంతా దిగిపోయింది.  భయమేసింది, నిజంగా భయమేసింది.

కళ్ళు తెరిచి "అత్తమ్మా" అని చేయి పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రుక్మిణమ్మ సిగ్గుతో చచ్చిపోతుంది, "నాకేమైంది, పాలు పొంగుతున్నయ్ చూడుపో" అంటుంది, మళ్ళీ ఈ జన్మలో ఆ మాట ఎత్తదు. తల్లీ, నీ పేరు మీద అబద్ధమాడుతున్నా, పాపమైతే నాకే పెట్టు అని మనసులో మొక్కుకుని, యశోద గొంతు బరువు చేసింది.

"నాకు కోపం లేదు. మైల లేదు. దవాఖానకు పో."

"దవాఖానకా?" రుక్మిణమ్మ అమ్మవారితో కూడా బేరమాడే మనిషి. "బోనాలైనంక పోత తల్లీ."

"రేపే పోవాలె."

"మొగ డాక్టరుంటడేమో తల్లీ."

"ఆడ డాక్టరు దగ్గరికే పో. నీ కోడల్ని తోలుకపో."

"అయ్యో, దానికి చెప్పాల్నా? వాడకట్టంత చాటుతది తల్లీ!"

"చాటదు!" యశోద గొంతు కొంచెం ఎక్కువే లేచింది. "ఆ పిల్ల బంగారం. నువ్వే ఎర్క పట్టలే."

"నిజమే అంటవా? మరి నా చాయ్‌ల చక్కెర ఎందుకు తక్కువేస్తది తల్లీ?"

"నీకు షుగరుంది గనక!" అని అమ్మవారు కసిరింది.

మరునాడు పొద్దున్నే పాల పని అయిపోయాక రుక్మిణమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, గోడకు చెప్పినట్టు చెప్పింది: "యశోదా, మోకాళ్ళు గుంజుతున్నయ్. ఎవరన్న లేడీ డాక్టరుంటే చూపిద్దామా?" మోకాళ్ళకు లేడీ డాక్టరెందుకని యశోద అడగలేదు. "కిషన్‌బాగ్‌ల ఒకామె ఉన్నది అత్తమ్మా, నడువు" అంది.

డాక్టర్ కీర్తిప్రియ క్లినిక్‌లో బెంచీల నిండా వీళ్ళ ఈడు ఆడవాళ్ళే. ఒకామె బడిపంతులమ్మ, పేరు విజయలక్ష్మి. తనకు ఒంట్లో వేడీ లేదు, చలీ లేదు గాని, పిల్లల పేర్లు మరిచిపోతున్నానని, టీవీలో సబ్బు ప్రకటన చూసినా ఏడుపొస్తోందని చెబుతోంది. ఆ పక్కన లావుపాటి ఆవిడ, "నాకైతే ఏం కాలే. ఒక నెల ఆగింది, ఆగనే ఆగింది. పీడ పోయిందని పేడాలు పంచిన. ఇయ్యాల చెల్లె కోసం వచ్చిన" అని నవ్వుతోంది. వాళ్ళ మాటలకు రుక్మిణమ్మ చెవులు మూసుకోవాలో నిక్కించాలో తెలియక అవస్థ పడుతోంది.

అప్పుడే యశోదకు ఆవిరి లేచింది. ముఖం ఎర్రబడి చెమట ధారకట్టింది. రుక్మిణమ్మ దిగ్గున లేచి నిలబడి చేతులు జోడించింది.

"తల్లీ, నువ్వు చెప్పినట్లే వచ్చిన! అమ్మా, ఎవరన్న జర వేపకొమ్మ తెస్తరా?"

బెంచీ చివర కూర్చున్న షమీంబీ తన విసనకర్ర తెచ్చి యశోదకు విసరసాగింది. ఆమె లాడ్ బజార్‌లో అమ్మే లక్క గాజులు చేసే మనిషి. "వేపకొమ్మ ఎందుకమ్మా? రెండు నిమిషాల్ల పోతది. నాకు గూడ గిట్లనే వస్తది. గాజులు చేసేకాడ ముందట బొగ్గుల పొయ్యి ఉంటది. వేడి పొయ్యిల నుంచి వస్తుందో, నా లోపటికెల్లి వస్తుందో సమజైతలేదు."

రుక్మిణమ్మ ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. 

"మీకు గూడ అమ్మవారు వస్తదా?"

"తోబా! మాకెవరొస్తరమ్మా, ఉమర్ వస్తది, వయసు!" షమీంబీ పకపకా నవ్వింది. "నలభై దాటినంక, యాభై దాటినంక అందరికి ఏదో ఒకటి వస్తది. నాకు మంటలు, ఈ టీచరమ్మకు ఏడుపు. మీ కోడలికి గూడ గదే."

హాలంతా నవ్వింది, రుక్మిణమ్మ తప్ప. ఆమె మెల్లగా కోడలి వైపు తిరిగింది. విసనకర్ర గాలికి యశోద చెమట ఆరిపోతోంది.

"అంటే శుక్రవారం నాడు నాతోని మాట్లాడింది..."

"నేనే అత్తమ్మా."

"ఆ పిల్ల బంగారం అన్నది గూడ..."

"నేనే."

రుక్మిణమ్మ సంచీ చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. యశోదకు ఎక్కడ లేని దుఃఖం ముంచుకొచ్చింది. అమ్మవారి పేరు పోతే పోయింది, అత్త చేతి చాయ్ పోతే పోయింది, ఈ ముసలామె ఇప్పుడు గడప దాటిందంటే మళ్ళీ రాదు. నలుగురూ చూస్తున్నారన్న ఆలోచన కూడా లేకుండా పరుగెత్తి అడ్డంగా నిలబడింది.

"తిట్టు అత్తమ్మా. ఇంటికి పోయి బర్రెలు బెదిరేటట్టు తిట్టు. గాని లోపలికి పోయినంకనే తిట్టు. మా మేనత్త గిట్లనే దాచుకొని పోయింది. నువ్వు గూడ పోతే నాకెవరున్నరు? నీ కొడుకా? ఫ్యానుతోని కొట్లాడుడు తప్ప ఏమొస్తది ఆయనకు?"

కన్నీళ్ళూ చెమటా కలిసి కారుతుంటే ఆమె తుడుచుకోలేదు.  అంతలో లోపలి నుంచి నర్సు, "రుక్మిణమ్మా!" అని కేకేసింది.

"అమ్మవారు చెప్తెనే వచ్చిన, నీ మొకం చూసి కాదు" అంది రుక్మిణమ్మ. ఆ మీదట కొంగు తీసి కోడలి ముఖం బరబరా తుడిచింది. "కోడలు ఏడుస్తుంటె లోపలికి పోకుంటె మనిషినైతనా? నడువు. నా చెయ్యి ఇడువకు. నాకు భయమైతున్నది."

లోపల డాక్టరమ్మ అన్నీ అడిగింది, స్కానింగ్ చేయించింది. ముట్టు నిలిచిన ఇన్నేళ్ళకు రక్తం కనపడితే ఒక్క చుక్కయినా చూపించుకోవాలని, లోపల చిన్న కండ పెరిగిందని, తీసి పరీక్షకు పంపితే గాని ఏమిటన్నది చెప్పలేనని అంది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ ఆ కండ తీశారు. మురళికి చెప్పక తప్పలేదు. చెబితే అతను పాకలోకి పోయి, ఆ వేళ బర్రెలన్నిటికీ రెండుసార్లు నీళ్ళు పట్టాడు.

రిపోర్టు వచ్చే దాకా ఆ ఇల్లు ఇల్లులా లేదు. రుక్మిణమ్మ పాలకొచ్చేవాళ్ళను తిట్టలేదు, లలితమ్మను తిట్టలేదు, చాయ్‌లో చక్కెర సంగతి ఎత్తలేదు. ఆమె తిట్లు లేక యశోదకు ముద్ద దిగలేదు. ఒక్క తిట్టు వినిపించు తల్లీ అని ఆమె దేవుడి గూటికి మొక్కుకుంది.

ఆషాఢం చివర జరిగే పాతబస్తీ బోనాలకు ఇంకా రెండు రోజులుందనగా రిపోర్టు వచ్చింది. కీర్తిప్రియ కాగితాలు చూసి, కళ్ళద్దాలు తీసి నవ్వింది.

"క్యాన్సర్ లేదమ్మా. మామూలు కండ, మొత్తం తీసేశారు. మూడు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోండి. నిశ్చింతగా ఉండండి."

 రుక్మిణమ్మ అమ్మవారికి దండం పెట్టింది, డాక్టరమ్మకు దండం పెట్టింది. నర్సుకు కూడా పెట్టబోతే ఆమె నవ్వుతూ తప్పుకుంది.

"మరి బోనం వండొచ్చునా డాక్టరమ్మా?"

"వండండి. నాకూ ఇంత పంపండి."

యశోద సంచీ సర్దుకుని "పోదాం పా అత్తమ్మా" అంది. రుక్మిణమ్మ కదల్లేదు. కోడలి భుజం పట్టి తాను లేచిన కుర్చీలో కుదేసి కూర్చోబెట్టింది.

"నన్ను చూసుడు అయిపోయింది. ఇగ దీన్ని చూడు."

"నాకేముంది అత్తమ్మా..."

"నువ్వు నోరు మూసుకో" అంది రుక్మిణమ్మ. ఎన్నాళ్ళకో వచ్చిన ఆ తిట్టుకు యశోద ఒళ్ళు పులకరించింది.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉందమ్మా?" అని డాక్టరమ్మ యశోదను అడిగింది. రుక్మిణమ్మే జవాబు చెప్పింది.

"పోయిన ఏడు మామిడికాయ తొక్కు పెట్టినప్పటి సంది. నిద్ర పోతలేదు, మంచం మీద కూసుంటది. వాకిట్లకొచ్చి రాతి మీద కాళ్ళు పెట్టుకుంటది, సల్లగుంటదని. ఎడమ మోకాలు నొస్తది, చెప్పదు. మొన్నటి దాకా పాట పాడుకుంట పాలు పిండేది, ఇప్పుడు పాడుతలేదు. చెంపలు గుంజుకపోయినయ్, చూడు."

యశోద తలెత్తి అత్త వైపు చూసింది. ఆ రాతి మీద కూర్చున్నప్పుడు ఇల్లంతా పడుకుందనే అనుకుంది. తాను పాడటం మానేసిన సంగతి ఆమెకే గుర్తులేదు.

"అన్నీ చూసి ఒక్కనాడన్న అడుగకపోతివి అత్తమ్మా?"

"మమ్ములనెవరడిగిండ్రే మా కాలంల? ఎట్ల అడగాల్నో నాకెర్కనా?" రుక్మిణమ్మ కోడలి కొంగు సర్దింది. "గుడిల అమ్మ పూనిందనంగనె పానం సల్లబడ్డది. రోగం కాదు, అమ్మే అనుకున్న. అందుకే కాళ్ళు మొక్కిన."

డాక్టరమ్మ బీపీ పట్టీ తీసింది. ఇది జబ్బు కాదని, అట్లాగని పళ్ళ బిగువున భరించాల్సిన పని కూడా లేదని, పరీక్షలు చూసి మందిస్తానని చెబుతోంది. యశోద చేయి చాపింది. ఇంకా ఏవేవో లక్షణాలు రుక్మిణమ్మ ఏకరువు పెడుతూనే ఉంది, ఒక్కటీ తప్పు లేదు. చెప్పాల్సినవన్నీ అత్తే చెప్పేస్తుంటే, యశోద నవ్వుతూ ఏడుస్తూ వింటూ కూర్చుంది.