సంచీతో ఫోటో

మా చర్చిలో నెలనెలా ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు సరుకుల సంచులు పంచుతారు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. మావాళ్ళ ఎడమచేతిలో ఫోన్ ఉంటుంది, తెలియకుండా ఎలా?

వెనక గదిలో ఉల్లిపాయలు ఏరి, బియ్యం తూచి, సంచుల మూతులు కట్టేది ముగ్గురం. బయట బల్ల దగ్గర నవ్వుతూ అందించడానికి మాత్రం పాతికమంది. పుచ్చుకున్నవాళ్ళు సంచీని గుండెలకు హత్తుకుని నిలబడాలి. పాస్టరమ్మగారు ఫోటో తీసి దాతలకు పంపిస్తారు, బాగా వచ్చినదాన్ని పోస్టరు మీద వేస్తారు. ఫోటో లేకపోతే సంచీ లేదు. దేవుడు చూస్తే చాలదు కాబోలు.

ఈసారి మా ఆడపడుచు కూడా నాతో వచ్చింది, సేవ చేయడానికట. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఈవిడ ముప్పాతిక. నా కూరలో ఉప్పెక్కువని అనని రోజు లేదు. వాళ్ళాయన పనిచేసే కార్ఖానా మూతబడింది. అయినా ఆవిడ చీర ఇస్త్రీ నలగదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె! నేను పంపిన బియ్యం డబ్బా, "మాకేం లోటు?" అన్న కబురుతో ఆ పూటే తిరిగొచ్చింది. మొన్న ఆవిడ పిల్లలు మా ఇంటికొచ్చి, ఆ ఉప్పు కూరనే గిన్నె అడుగు ఊడ్చి మరీ తిన్నారు. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

"వదినా, వెనక గుమ్మంలోంచి ఒక సంచీ పట్టుకెళ్ళిపో. ఎవరూ చూడరు," అన్నాను మెల్లగా.

"ఇంకా నయం, వరసలో నిలబడమనలేదు!" అంది.

అంతలో పాస్టరమ్మగారు విసుక్కుంటూ వచ్చారు. "ఈ నెల ఒక్క ఫోటో బాలేదమ్మా. ఎవరూ నవ్వరు. ఒకావిడైతే మొహానికి కొంగు అడ్డం పెట్టేసింది. పోస్టరుకి ఏం వెయ్యను?" అంటూ మా ఆడపడుచును చూశారు. "నువ్వు శుభ్రంగా ఉన్నావు. ఒక్క నిమిషం లేనిదానిలా నిలబడతావా? ఊరికే, నటించడమే."

ఇక చర్చి కప్పు లేచిపోతుందనుకున్నాను. ఆవిడ నావైపు ఓసారి చూసి, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. సంచీని గుండెలకు హత్తుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అబ్బ, ఎంత సహజంగా చేస్తోందో!" అని పాతికమందీ చప్పట్లు కొట్టారు. వరసలో ఉన్నవాళ్ళు కొట్టలేదు.

"ఇక సంచీ ఇచ్చెయ్యమ్మా," అన్నారు పాస్టరమ్మగారు.

ఆవిడ వేళ్ళు వదల్లేదు. పాస్టరమ్మగారి మాటకు నాకు ఒళ్ళు మండింది.

"అమ్మగారూ, సంచీ పట్టుకుని ఇంటికెళ్తున్నట్టు కూడా ఒకటి తీయండి. పోస్టరు నిండుగా ఉంటుంది," అన్నాను.

"మంచి ఆలోచన!" అని పాస్టరమ్మగారు గేటు దాకా వెంటపడి తీశారు. "ఇక చాలు, వచ్చెయ్!" అని కేకేశారు. మా ఆడపడుచు వెనక్కి తిరగకుండా వీధి మలుపు దాటేసింది.

"పాత్రలో లీనమైపోయింది పాపం," అని ఎవరో మెచ్చుకున్నారు.

"సంచీ నేను తెచ్చిస్తాలెండి," అని చర్చిలోనే అబద్ధమాడాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లలు తలెత్తకుండా తింటున్నారు. ఆవిడ నాకూ కంచం పెట్టింది. కూరలో ఉప్పు నోట పెట్టనివ్వలేదు.

"ఉప్పెక్కువైందా?"

"సరిపోయింది వదినా."

ఆవిడ పొయ్యివైపు తిరిగి, గిన్నె మీద మూత సర్దుతూ మెల్లగా అడిగింది.

"వచ్చే నెల కూడా పోస్టరు వేస్తారా?"